దేవదానం వదిలేసిన చేపలు

దేవదానం ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కాపురం తెనాలిలో. శనివారం వస్తే చాలు, స్నేహితుడు ఇమాముద్దీన్ స్కూటర్ వెనక కూర్చుని వేమూరు దాటి, రేపల్లె వైపు వెళ్ళే కాలువ గట్టుకు చేరేవాడు. ఇమాముద్దీన్ టైలరు. ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ అక్కడే గాలాలు వేస్తున్నారు. పడ్డ చేపను ఇంటికి తెచ్చి భార్య రాహేలు చేత పులుసు పెట్టించుకోవడం దేవదానం అలవాటు.

ఆ అలవాటు కిందటి ఆగస్టులో ఒక నవల వల్ల చెడింది. పాత పుస్తకాల బండి మీద కొన్న అనువాదం అది. నూరేళ్ళ కిందటి కథ. ఏదో చలిదేశంలో ఒక బడిపంతులు ఏడాది పొడవునా ఒకే చేప కోసం ఏట్లో గాలం వేస్తాడు. చివరికి అది చిక్కుతుంది. పంతులు దాని కళ్ళలోకి చూసి, నోట్లోంచి కొక్కెం తీసి, నెమ్మదిగా నీళ్ళలోకి వదిలేస్తాడు. దేవదానం ఆ పేజీని మూడుసార్లు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఆ వారం పడ్డ జెల్లను వదిలేశాడు. పైవారం రెండు బొమ్మిడాయిల్ని. చెయ్యి జారిందేమో అనుకున్నాడు ఇమాముద్దీన్. మూడోసారి అడిగితే, వేటంటే గౌరవమనీ, కూరగిన్నె కాదనీ దేవదానం వివరించాడు. ఇమాముద్దీన్ అంతా శ్రద్ధగా విని, తన గాలాన్ని ఆయనకు పది గజాల దిగువకు మార్చుకున్నాడు.

రాహేలు రెండు నెలలు ఓర్చుకుంది. చేపకని మసాలా నూరుకున్న రోజుల్లో వంకాయలే వండింది. చివరికి, మొగుణ్ణి ఇంతగా మార్చిందేమిటో చూద్దామని తనూ ఆ నవల పట్టుకుంది. ఆమె రిటైరైన తెలుగు టీచరు. ఆఖరి వాక్యం సగంలో ఆగిపోయినట్టు వెంటనే కనిపెట్టింది. దేవదానం మాత్రం దాన్ని రచయిత గొప్పతనం అనుకున్నాడు. బాపట్లలో ఉండే చెల్లెలు కృపారాణి దగ్గర అదే నవల ఉందని గుర్తొచ్చి రాహేలు ఫోన్ చేసింది. ఊడిపోయిన ఆరు పేజీల ఫొటోలు గంటలో వచ్చాయి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వాటిని భర్తకు చదివి వినిపించింది. మరుసటేడు పంతులు మళ్ళీ అదే చేపను పడతాడు. ఈసారి ఇంటికి తీసుకెళ్తాడు. భార్య వెన్నలో వేయిస్తుంది. ఇద్దరూ తిని హాయిగా పడుకుంటారు.

దేవదానం ఫోన్ తీసుకుని ఆఖరి పేజీని మళ్ళీ చదువుకున్నాడు.

"చివర్లో రచయిత తొందరపడ్డాడే," అన్నాడు.

"లేదండి, ఆకలేసుంటది," అంది రాహేలు.

తర్వాతి శనివారం రెండు కిలోల కొర్రమీను పడింది. ఇమాముద్దీన్ సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు. దేవదానం కాస్త తటపటాయించి చేపను అందులో వేశాడు. దారి పొడవునా అది మోకాలికి కొట్టుకుంటూనే ఉంది. ఆయన పొలాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంకా ప్రాణంతో ఉందని రాహేలు దాన్ని నీళ్ళ టబ్బులో వేసి, కత్తిపీట తెచ్చుకుని పక్కన కూర్చుంది. దేవదానం స్నానం చేసి వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది.

"ఏంటి, కొయ్యలేదా?"

"కళ్ళలోకి చూసే పేజీ నేనూ చదివాను కదండి," అంది ఆమె నీరసంగా.

ఇద్దరూ టబ్బు పక్కన నిలబడి కాసేపు ఆలోచించారు. చివరికి, పుస్తకాల జోలికి పోని ఇమాముద్దీన్‌కు కబురు పెట్టారు. ఆయన వచ్చి, సంగతంతా విని, ముఖంలో నవ్వు కనబడనీకుండా చేపను బకెట్లో పట్టుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భార్య గౌస్ బీ కేరియర్ పంపించింది. మూత తీయగానే ఇల్లంతా పులుసు వాసన. అందులో ఉన్నది ఏ చేపో ఇద్దరూ మాట్లాడుకోలేదు. దేవదానం మొదటి ముద్ద కళ్ళు మూసుకుని తిన్నాడు. రెండోది తెరిచే తిన్నాడు.

"వదిన చింతపండు కాస్త తక్కువేసిందండి," అంటూ రాహేలు తలకాయ ముక్క తన కంచంలోకి వేసుకుంది.