ఉత్త అద్దాలు

ఫ్రిజ్ మీద దుప్పటి ఎవరు తీశారన్న తగువు టీలు చల్లారిపోయేదాకా సాగింది. కొడుకు మాటలతో అంటున్నాడు, కోడలు గిన్నెలతో జవాబు చెబుతోంది. పాలు తీయాలంటే ఎత్తాలి, పిల్లకి పెరుగు వేయాలంటే ఎత్తాలి, ఎత్తిన ప్రతిసారీ నాలుగు మూలలూ సర్దుతూ కూర్చోడానికి తనకి వేరే పనేమీ లేదా అని ఆమె వాదన. కిందటి వారం తెల్ల తలుపు రెండు వేళ్ళ మేర కనబడిందని, ఇంటికి పరదేశీయులని తీసుకొచ్చే గైడు తనని అందరి ముందూ కడిగేశాడని అతని బాధ.

"మన ఫ్రిజ్ మనింట్లో దొంగలా దాక్కోవాలా?" అంది కోడలు.

కిటికీ పక్కన కుట్టుమిషనుకి నూనె వేస్తున్న ముసలామె ఈ తగువులో దిగలేదు. నాలుగు నెలలుగా వింటున్నదే. వీధిలో అందరూ ఆమెని కాజాలమ్మ అంటారు. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు కాజాలు కుట్టింది. కాలర్ కుట్టిందీ లేదు, జేబు కుట్టిందీ లేదు, ఒక్క కాజాలే. మెడ అప్పటి వంపులోనే ఉండిపోయింది. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. కుడి నడిమివేలి కొసన కందిగింజంత కాయ. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ మిషను కొనుక్కుని, వీధివీధంతా ప్యాంట్లు పొట్టిచేసి, జాకెట్లు వదులుచేసి, కొడుకుని చదివించి డ్రైవర్ని చేసింది. మొగుడు పోయిన పదోరోజున కూడా ఎవరిదో స్కూలు గౌను అంచు కుట్టి ఇచ్చింది, పిల్లకి మర్నాడు పరీక్ష అని.

ఆ డ్రైవరీయే ఇంటికి ఈ తద్దినం తెచ్చింది. ఈ ఊళ్ళో విమానం మారే పరదేశీయులకి మధ్యలో ఆరు గంటలు ఖాళీ ఉంటుంది. వాళ్ళని తిప్పే కంపెనీ వ్యాన్ కొడుకు నడుపుతాడు. కోటకి గంట, బజారుకి గంటన్నర, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నొక్కించుకోడానికి ఇంకో గంట. ఇవన్నీ అయ్యాక కూడా కాస్త మిగిలిందని, 'ఒక మామూలు కుటుంబం' అని ఇంకోటి చేర్చారు. దానికి ఇరవై నిమిషాలు. ఆ మామూలు కుటుంబం వీళ్ళే.

మామూలు కుటుంబమంటే ఎలా ఉండాలో గైడు వచ్చి చెప్పాడు. టీవీ లోపలి గదిలోకి పోవాలి. ప్లాస్టిక్ కుర్చీలు పోవాలి. ఫ్రిజ్ దుప్పటి కిందికి పోవాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని సామెత. ఈయన దాన్ని తిరగేశాడు. ఈగలు లేని ఇంట్లో ఈగలు కావాలన్నాడు. వీధివాళ్ళు కుట్టడానికిచ్చిన బట్టలు రంగురంగులుగా ఉన్నాయని అవీ తీయించాడు. అప్పటినుంచి వీధి బట్టలన్నీ మార్కెట్ మెట్ల దగ్గరి ఇస్త్రీ షాపుకి పోతున్నాయి. ఆ షాపువాడికి కుట్టేవాళ్ళు లేక, ఆమె ఎదురుపడినప్పుడల్లా వచ్చి కూర్చోమని అడుగుతూనే ఉన్నాడు.

మిషనులో దారం కూడా తీయించాడు గైడు. "దారముంటే చిక్కులు పడుద్ది మామ్మా, టైము పోద్ది. నువ్వు ఊరికే తొక్కు. చప్పుడు చాలు," అన్నాడు. ఆమె కళ్ళజోడు మరీ కొత్తగా ఉందని తీయించి, గుండ్రటి తీగ కళ్ళజోడు ఒకటి ఇచ్చాడు. ఒక కాడ విరిగితే దారంతో కట్టి ఉంది. అద్దాల్లో పవరు లేదు. ఉత్త అద్దాలు.

నాలుగు నెలలుగా ఒకటే గుడ్డముక్క సూది కింద తిరుగుతోంది. అది జల్లెడైంది. గైడు ఇంగ్లీషులో వాళ్ళకేం చెబుతాడో ఆమెకి తెలియదు. ఒకసారి సెలవురోజున మనవరాలు తలుపు చాటునుంచి విని వచ్చి, "నాన్నమ్మా, నీకు చదువు రాదని చెబుతున్నాడు," అంది. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషికి ఒళ్ళు మండింది. అయినా కొడుకు ఉద్యోగమని మింగేసింది.

పదకొండింటికి వ్యాన్ ఆగింది. తొమ్మిదిమంది తలలు వంచుకుని లోపలికొచ్చారు. వాళ్ళతోపాటు క్రీముల వాసన. ఆమె తీగ కళ్ళజోడు పెట్టుకుని తొక్కడం మొదలుపెట్టింది. గైడు చెయ్యి చాపి గోడనీ, దుప్పటినీ, ఆమెనీ ఒకే వరసలో చూపిస్తున్నాడు. ఫోన్లు లేచాయి.

ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చింది. ఇంచుమించు ముసలామె ఈడే. నెరిసిన పొట్టి జుట్టు, నూలు చొక్కా. వంగి సూది వైపు చూసింది. తర్వాత గుడ్డ వైపు. సూదిలో దారం లేదు, గుడ్డలో కుట్టు లేదు. ఆవిడ తలెత్తి ముసలామె మొహంలోకి చూసి, చేతిలోని ఫోన్ దించేసింది.

ముసలామెకి కాలు ఆగిపోయింది. పరాయి సొత్తుతో పట్టుబడ్డట్టు చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ చూసినవాళ్ళకి మిషనంటే ఏమిటో తెలియదు. ఈవిడకి తెలుసు.

ఆవిడ సంచిలోంచి చిన్న డబ్బీ తీసింది. తన చొక్కా ముంజేతి దగ్గర ఊగుతున్న బొత్తాన్ని చూపించి, సూదీ దారమూ రెండు చేతులతో అందించింది. ముష్టి వేసినట్టు కాదు. పని తెలిసినవాళ్ళు ఒకరికొకరు పనిముట్టు ఇచ్చుకున్నట్టు.

ఆమె అందుకుంది. దారం కొస తడిచేసి నలిపింది. ఉత్త అద్దాల్లోంచి సూది పొగలా కనబడింది. దారం పక్కకి పోయింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ పక్కకే. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఫోన్లు ఎత్తారు. ఎవరో జాలిగా నిట్టూర్చారు. గైడు ఏదో చెప్పాడు. అందరూ తలలూపారు.

"కళ్ళు ఆనవు పాపం అని చెప్పా మామ్మా. బావుంది. అలాగే ఇంకోసారి," అన్నాడు ఆమెతో, మెల్లగా.

ఇంకోసారి.

ఆమె తీగ కళ్ళజోడు తీసి మిషను మీద పెట్టింది. సొరుగు లాగి తన కళ్ళజోడు తీసి పెట్టుకుంది. దారం ఒక్క పోటుకి దూరింది. ఆవిడ ముంజెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని నాలుగు కన్నాల్లోంచీ దారం తీసి, బొత్తాం మెడకి మూడు చుట్లు చుట్టి, వెనక ముడివేసి, కత్తెరతో కొస కత్తిరించింది. తలెత్తలేదు. గైడు వాచీ చూసుకుంటున్నాడు. దీనికి ఎవరూ ఫోటో తీయలేదు.

ఆవిడ బొత్తాన్ని లాగి చూసింది. నవ్వలేదు. తన కుడి చెయ్యి ముసలామె చేతిలో పెట్టింది. నడిమివేలి కొసన, అదే చోట, కందిగింజంత కాయ.

తర్వాత వాళ్ళు బజారుకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం ఆమె చెప్పులేసుకుని మార్కెట్ మెట్లదాకా నడిచి వెళ్ళి వచ్చింది. ఎక్కడికని కోడలు అడగలేదు. దుప్పటి మాత్రం ఫ్రిజ్ మీంచి తీసి మడతపెట్టింది.

సాయంత్రం టీల వేళకి కొడుకు వచ్చాడు. చొక్కా విప్పకుండానే గడప దగ్గర కూర్చున్నాడు. ఏడు నిమిషాలు ఆలస్యమైందని చివాట్లు పడ్డాయిట. కాని తల్లి అనుకున్నంత కోపంగా లేడు. ఆ మెత్తదనమే ఆమెకి ఇంకా అన్యాయంగా తోచింది.

"అమ్మా, ఆ సొరుగులో నీ కళ్ళజోడు ఉంచకు," అన్నాడు గోడకేసి చూస్తూ. "సూదిలో దారం దూరకపోవడం... అది వాళ్ళకి చాలా నచ్చిందిట. రోజూ చేయించమన్నాడు గైడు."

కోడలి చేతిలో గరిటె ఆగింది. మనవరాలు పుస్తకంలోంచి తలెత్తింది.

ముసలామె టీ తాగడం పూర్తిచేసి గ్లాసు కింద పెట్టింది.

"రేపటినుంచి నేను కూర్చోను," అంది అందరికీ వినబడేట్టు, గొంతు పెంచకుండా. "ఇస్త్రీ షాపులో చోటిచ్చాడు. పగలంతా అక్కడ, చీకటి పడ్డాక ఇక్కడ. మిషను నాతో వస్తుంది. బండి పంపిస్తానన్నాడు."

"మిషను కూడా పోతే వాళ్ళకేం చూపించనమ్మా?"

"ఫ్రిజ్ చూపించు."

కోడలు పొయ్యి వైపు తిరిగింది. ఆమె భుజాలు నవ్వుకి కదులుతున్నాయి.

"నా వ్యాన్ సంగతో?"

"నీకు వ్యాన్ నడపడం వచ్చురా. నేర్పించింది నేనే. దానికి నా గుడ్డితనం అక్కర్లేదు."

బయట తోపుడుబండి ఆగిన చప్పుడైంది. కొడుకే లేచి, మిషనుకి ఒకవైపు చెయ్యి వేశాడు, బండివాడు రెండోవైపు పట్టుకున్నాడు. ఆమె సొరుగులోని దారపు కండెలూ, కత్తెరా, టేపూ సంచిలో వేసుకుని, జల్లెడగుడ్డ ఉండచుట్టి చెత్తబుట్టలో పడేసి, తీగ కళ్ళజోడు ఫ్రిజ్ మీద పెట్టి, వాళ్ళ వెనకే మెట్లు దిగింది.

ఫ్రిజ్ మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద ఆ తీగ కళ్ళజోడు. విరిగిన కాడకి కట్టిన దారం అప్పుడే వదులైపోతోంది. ఎవరు వేశారో గాని, పని తెలియనివాళ్ళు వేసిన ముడి.