మంచుబండి కింద హయాత్ బాషా

గ్రీజు గన్ను మూతిని ఇరుసు గొట్టం మీది నిపిల్‌కు తగిలించి హయాత్ బాషా పిడి నొక్కాడు. గ్రీజు లోపలికి పోలేదు. పక్కనుంచి వానపాములా పాకి వచ్చి అతని బొటనవేలికి చుట్టుకుంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. ఇరుసు గొట్టంలో ఇసుక గట్టిపడిపోయింది. అంటే ఇరుసు ఊడదీయాలి. దాన్ని ఊడదీయాలంటే ముందు స్ప్రింగులు దించాలి.

పొద్దున బస్సెక్కినప్పటి నుంచీ ఏ మాట తలుచుకోకూడదనుకున్నాడో అదే ఎదురొచ్చింది. గన్ను కింద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మధ్య దూర్చుకుని కూర్చున్నాడు.

మంచుబండి వెనక భాగం గొలుసు కప్పీకి వేలాడుతోంది. అబుదాబి ముసఫ్ఫాలోని ఆ గ్యారేజీకి నీళ్ల ట్యాంకర్లూ సిమెంటు లారీలూ రావడం మామూలు. ఇలాంటిది అక్కడెవరూ చూసి ఎరగరు. వీళ్లకు వీసాలిచ్చిన యజమాని కఫీల్. ఆ కఫీల్ తమ్ముడు కెనడా వెళ్లి, మంచు మీద దీన్ని తోలి, మనసు పడి ఓడలో తెప్పించుకున్నాడు. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక చక్రాల బదులు వెడల్పాటి రబ్బరు పట్టా. ఆ పట్టా కడుపులో ఇనుప చట్రం, చిన్న చిన్న చక్రాలు, అటొకటి ఇటొకటి వేలెడు లావు స్ప్రింగులు. మంచులో తిరగాల్సిన బండిని అతను ఇసుక దిబ్బల మీద తోలేవాడు. ఇసుక గ్రీజులో కలిసి సానబట్టే ముద్దలా తయారై ఇరుసుల్ని తినేసేది. చలికాలమంతా ఆ చట్రాన్ని విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం ఒక పని అయి కూర్చుంది.

మొన్నటిదాకా ఆ పని ఇంకో మెకానిక్ సనావుల్లాది. కిందటి నెలలో ఎడమ స్ప్రింగుకు కాలులా సాగిన కొస, దాన్ని బిగబట్టే దిమ్మ మీంచి జారి అతని దవడకు తగిలింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. సనావుల్లా నేల మీద చతికిలబడి, నోట్లోంచి పళ్లు ఒక్కొక్కటిగా అరచేతిలోకి తీసుకుని వాటివంకే చూస్తుండటం హయాత్ బాషా చూశాడు. బొంబాయి విమానం ఎక్కేనాటికి కూడా అతనికి మాట తిరగలేదు.

“ఏం మియా, ఇంకా చెయ్యి వెట్టలే?” ఫోర్‌మన్ నూర్ మొహమ్మద్ గుమ్మంలోంచే అడిగాడు. అతనిది హైదరాబాదు. “సాయంత్రం ఈ బండి అర్బాబ్ వస్తడు. రేపు జుమ్మా, దోస్తులతోని దిబ్బలకు పోతడంట. అప్పటికి ఖలాస్ కావాలె.”

“అట్లే సాబ్,” అన్నాడు హయాత్ బాషా.

అతను పిరికివాడని సొంతూరు రాయచోటిలోనూ తెలుసు, ఇక్కడా తెలుసు. ఇంట్లో తేలు కనిపిస్తే అతను మంచమెక్కేవాడు. భార్య అక్తర్ బీ చెప్పుతో కొట్టి, నవ్వుకుంటూ బయట పారేసేది. లారీ షెడ్డులో పనిచేసే రోజుల్లో బండి కిందికి దూరేముందు జాకీ పక్కన రాళ్లు పేర్చుకునేవాడు. తోటివాళ్లు ఎంత నవ్వినా పేర్చుకునేవాడు. గల్ఫ్‌కి కూడా భయంతోనే వచ్చాడు. బావమరిది వీసా తెచ్చి చేతిలో పెడితే, వద్దని చెప్పడానికి భయం వేసింది. లేదనడం, కుదరదనడం నలభై దాటినా అతని నోటికి పట్టుబడలేదు.

తన భయం రాకపోకలన్నీ అతనికి తెలుసు. ఎప్పుడూ కడుపులో మొదలై మోకాళ్లలోకి దిగేది. ఈరోజు మాత్రం తెల్లవారేసరికే రొమ్ము మీద బండలా కూర్చుంది. ఎడమ భుజం లాగుతోంది. వయసుతో పాటు భయం కూడా చోటు మార్చిందనుకున్నాడు.

కాసేపటికి ఫోర్‌మన్ పంపగా ఖాదర్ హుస్సేన్ వచ్చాడు. నెల్లూరువాడు, వెల్డరు, క్యాంపులో హయాత్ బాషా గదిలోనే ఉంటాడు. వస్తూనే స్ప్రింగు ముందు గొంతుక్కూర్చుని దాని కాలు రెండు చేతులా పట్టుకున్నాడు.

“నేను పట్టుకుంటా భాయ్. నువ్వు లాగు.”

హయాత్ బాషా అతని మొహం వైపు చూశాడు. స్ప్రింగు కాలు జారితే ఏ దారిన తిరుగుతుందో ఆ దారిలోనే ఉంది ఖాదర్ గడ్డం. పొద్దున నున్నగా గీసుకున్న గడ్డం.

“నువ్వు లెయ్యి ఖాదరూ.”

“ఎందుకు?”

“నీ దవడ దాని దోవలో ఉండాది. లేసి అవతలికి పో.”

“మరి నువ్వొక్కడివే ఎట్టా?”

“నేను చూసుకుంటాలే.”

నూర్ మొహమ్మద్ లోపలికి వచ్చాడు. “ఇద్దరు వట్టుకుంటే జల్దీ అయితది గద మియా. పట్టు ఖాదర్, పట్టు.”

హయాత్ బాషా తల తిప్పలేదు. “లేదు సాబ్. నేనొక్కన్నే చేస్తా.”

నోటికి పట్టుబడని ఆ మాట అన్నాడు. ఖాదర్ లేచి నిలబడ్డాడు. ఫోర్‌మన్ గుమ్మంలోకి వెనక్కి తగ్గాడు.

హయాత్ బాషా గోనెసంచులు తెచ్చి స్ప్రింగు చుట్టూ కుక్కాడు. కాలికి నైలాన్ తాడు రెండు పేటలుగా బిగించాడు. తాను పక్కకు ఒరిగి పడుకుని, మొహం గోడవైపు తిప్పుకుని, కలిమా చదువుకుంటూ లాగాడు. తాడు చేతుల్ని కోసింది. ఏదో కదిలింది. కళ్లు మూసుకుని దెబ్బ కోసం ఎదురుచూశాడు. దెబ్బ రాలేదు. కళ్లు తెరిచేసరికి స్ప్రింగు కాలు దిమ్మ దిగి, గోనెల్లో బుద్ధిగా పడుకుని ఉంది.

రెండోదీ అలాగే దిగింది. ఇరుసును సుత్తితో తట్టి బయటికి తీసి, కిరసనాయిల్లో ముంచి, బ్రష్షుతో రుద్దాడు. బూడిదరంగు బురద డబ్బా అడుగున పేరుకుంది. గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పూసి, గొట్టంలో పెడితే ఇరుసు వేలితో నెట్టగానే లోపలికి జారింది. నిపిల్‌కు గన్ను తగిలించి, రెండు వైపులా తేనెరంగు గ్రీజు పొంగేదాకా నొక్కాడు. చిన్న చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

స్ప్రింగులు మళ్లీ ఎక్కించడం దించడం కంటే కష్టం. చివరిది దిమ్మ మీదికి ఎక్కేసరికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమచెయ్యి పైకి లేవలేదు.

“జనవరి చలిలో ఈ చెమటేంది భాయ్?” అన్నాడు ఖాదర్.

“భయం ఖాదరూ.”

“పని అయిపోయె గదా. ఇంకేం భయం?”

“నిమ్మళంగా పోతాదిలే.”

సాయంత్రపు అస్ర్ నమాజు వేళ దాటాక కఫీల్ తమ్ముడు వచ్చాడు. బండి దింపించి, సీటు మీద కూర్చుని ఒళ్లంతా కుదిపి చూశాడు. వెనక చట్రం కిర్రుమనకుండా దిగి, కిర్రుమనకుండా లేచింది. “జైన్,” బాగుందన్నాడు తల ఊపుతూ. పికప్ వెనక ట్రాలీ మీద మంచుబండి గేటు దాటిపోయింది.

“శభాష్ మియా. ఇగ ఈ పని నీదే,” అన్నాడు నూర్ మొహమ్మద్.

హయాత్ బాషా తల ఊపి, చేతులు కడుక్కోవడానికి వెనక కొళాయి దగ్గరికి వెళ్లాడు.

క్యాంపు బస్సు వచ్చి హారన్ కొట్టింది. అందరూ ఎక్కారు. హయాత్ బాషా సీటు ఖాళీగా ఉండటం చూసి ఖాదర్ దిగి వెనక్కి వెళ్లాడు. కొళాయి పక్కన గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడతను. చేతులు తడిగా ఉన్నాయి. కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. “భాయ్, బస్సు వచ్చింది,” అన్నాడు ఖాదర్. భుజం తట్టాడు. తల మెల్లగా పక్కకు వాలింది.

గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు. పొద్దుటి నుంచే నొప్పి ఉండి ఉంటుందనీ, ఎవరికీ చెప్పలేదా అనీ డాక్టరు అడిగాడు.

నూర్ మొహమ్మద్ వరండా బెంచీ మీద కూలబడ్డాడు. “భయపడుతుండనుకున్న,” అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు.

“ఆయన కూడా అట్టానే అనుకున్నాడు సాబ్,” అన్నాడు ఖాదర్.

మర్నాడు శుక్రవారం, గ్యారేజీ మూసి ఉంది. హయాత్ బాషా అక్కడ విడిచిన బట్టలు తీసుకుపోదామని ఖాదర్ తాళం అడిగి తెచ్చుకుని వెనక గేటులోంచి వచ్చాడు. కొళాయి గట్టు మీద సబ్బు ముక్క ఉంది. గట్టిగా పట్టుకున్న హయాత్ బాషా వేళ్ల గుర్తులు దానిలో దిగబడి, గ్రీజు నలుపుతో అలాగే ఆరిపోయి ఉన్నాయి.