ఉప్పులో బూజు

అప్పలసూరి బస్తా మూతి విప్పి వంచాడు. రాళ్ళుప్పు బొరబొరా తొట్టిలోకి జారింది. అడుగున కరగని ఉప్పు అప్పటికే మోకాలెత్తున పేరుకుని ఉంది. ఇక కరగడానికి ఆ నీళ్ళలో చోటు లేదు. బాయిలర్లకు పోయే నీళ్ళలోంచి సున్నం తీసే యంత్రాన్ని ఈ ఉప్పునీళ్ళతోనే కడుగుతుండాలి. భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చింది మొదలు అతని పని ఇదే. ముంజేతుల మీద చర్మం బీటలువారి, గోళ్ళ చుట్టూ తెల్లటి పొరలు లేచి ఉంటాయి.

ఉప్పు మండటం అతనికి అలవాటే. ఈవేళ మండుతున్నది వేరు.

నిన్న పొద్దున్న ఖుర్సీపార్‌లోని ఇంట్లో కొత్త ఊరగాయ జాడీ మూతికి కట్టిన వాసెన విప్పితే పైనంతా బూజు. ఊరగాయ పెట్టింది అక్క అప్పయమ్మ. మొగుడు పోయి, పిల్లల్లేక, తమ్ముడి పంచన ఉంటున్న మనిషి.

"ముండమోసిన సెయ్యి పడితే మరేటవుద్ది?" అంది అతని పెళ్ళాం కనకరత్నం, పక్కిళ్ళ ఆడవాళ్ళు వింటుండగా.

అందరూ అతనివైపు చూశారు. అతను గొంతు సవరించుకుని, "ఇకమీద జాడీలు ముట్టుకోకప్పా" అన్నాడు.

అప్పయమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. అంతే. ఈ సాయంత్రం తెలిసినవాళ్ళు గజపతినగరం వెళ్తున్నారట. వాళ్ళతో ఆడపడుచు దగ్గరికి పోతానంది. వద్దనాలి. అనడానికి అతనికి మొహం చెల్లలేదు.

తొట్టి అంచు చెక్కలకు నీటిగీత పొడుగునా నల్లటి జిగురు పట్టింది. వారం వారం గీకి పారేసేదే. గీకబోతుంటే లేబరేటరీ నుంచి కెమిస్టు వాసుదేవరావు సీసా పట్టుకుని వచ్చాడు.

"ఆగవయ్యా! కాస్త ఆ నలుపు నా సీసాలో వెయ్యి. మంచి బూజు."

అప్పలసూరి చెయ్యి ఆగిపోయింది. "బూజేటి బాబూ? మడ్డి కాదేటి? ఇంత ఉప్పులో బూజెలాగ బతుకుద్ది?"

"ఉప్పు దేన్నయినా చంపేది ఒంట్లో నీళ్ళు లాగేసి. ఇలాంటి బూజులు లోపల చిక్కటి తియ్యటి రసం తయారుచేసుకుంటాయి. ఆ రసం నీళ్ళను బయటికి పోనివ్వదు."

"ఎవులో ముట్టుకుంటేనే గదా పట్టేది?"

"ముట్టుకోవడమేమిటి! గాలిలో తిరుగుతూంటుంది. మీ ఇంట్లో ఊరగాయకు పట్టదూ? దాని చుట్టమే ఇది. ముక్కల్లో తడి ఉండాలి గానీ, పీఠాధిపతి పెట్టినా పడుతుంది."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పలసూరి నవ్వలేదు. మామిడిముక్కలు తుడిచిందెవరు? డ్యూటీకి వేళవుతోందని సగం తడితోనే గంపలో గుమ్మరించిందెవరు?

హూటరు కూసేసరికి సైకిలెక్కాడు. ఎదురుగాలికి రొమ్ము ఎగదన్నుతున్నా తొక్కుడు ఆపలేదు. ఇంటికి కాదు, తిన్నగా స్టేషనుకే.

బండి అప్పటికే నిలబడి ఉంది. కిటికీ పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని అప్పయమ్మ.

"అప్పా! నీ సెయ్యి కాదప్పా. మా కెమిస్టు బాబు సెప్పినాడు. తడి ముక్కలకి పట్టిందట."

ఆవిడ అతని చెమట మొహంలోకి చూసింది. "తడిగున్నాయని నాకు తెల్దేటి? నువ్వు తుడిసినవే గదా."

"మరి నిన్న అన్లేదేటి?"

"నలుగురిలో నిన్నేటంటాన్రా?"

అతనికి నేల చీలితే బావుణ్ణనిపించింది. ఊచలు పట్టుకున్నాడు. ఉండిపో అనాలి. ఇప్పుడే అనాలి.

"ఆ బాబు సెప్తేగాని తెలీలేదేటి నీకు?" అంది అప్పయమ్మ మెల్లిగా. "ఈ సేత్తోనే గదరా నీకు ముద్దలెట్టినాను."

గార్డు ఈల వేశాడు. అతను ఊచలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ అతని వేళ్ళను ఒక్కొక్కటిగా ఊచల మీంచి విడదీసింది. "సెయ్యి తియ్యి. బండి కదుల్తంది. కూడు తిను, పో."

బండి రాయపూర్ వైపు సాగిపోయింది. ఆవిడ వెనక్కి చూసిందో లేదో అతనికి తెలియదు. తల దించుకునే ఉన్నాడు.

ఇంటికొచ్చి గడపలో నిలబడ్డాడు. అప్పయమ్మ మధ్యాహ్నం చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని సగం కాల్చి, మిగతా సగం రాత్రి అన్నాలయ్యాక కాల్చుకుందామని ఆర్పి దాచుకునేది. ద్వారబంధం మీద ప్రయాణమున్న ఈ పూట కూడా దాచిన సగం చుట్ట అలాగే ఉంది, ఆరిన కొస దగ్గర ఆవిడ పంటిగాటుతో.