సలోమి కొవ్వొత్తి

“పాస్టరమ్మగారి చెయ్యి పడితే పోయినోళ్ళకి కూడా కళొచ్చేస్తుందండి” అన్నాడు సంఘపెద్ద ప్రసాదరావు, తల్లి సమాధి మీద ఇంకా ఆరని నల్లరంగు అక్షరాలు చూసి మురిసిపోతూ. పెర్సిస్ ఏటా నవ్వినట్టే నవ్వి, కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచింది.

సమాధుల పండగ రెండు రోజుల్లోకి వచ్చింది. సున్నాలు వేసేవాళ్ళు వేసేశారు, ఇక పేర్లు మిగిలాయి. పేర్లు రాయడం ఇరవై మూడేళ్ళుగా పెర్సిస్ పని. ఎవరు అప్పజెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేరు. తాడేపల్లిగూడెం నుంచి పెదపాడు పక్కనున్న ఈ ఊరికి కొత్తకోడలుగా వచ్చిన ఏడు, చేతిరాత గుండ్రంగా ఉందని మామగారు యోసేపు పాస్టరుగారు కుంచె చేతికిచ్చారు. ఆ కుంచె అరిగింది, మరోటి వచ్చింది, చెయ్యి మాత్రం అదే. గొంతుక్కూర్చుని ఒక్కో అక్షరం దిద్దుతుంటే నడుం పట్టేస్తుంది. కిరసనాయిలు వాసన నాలుగు రోజుల దాకా అన్నం ముద్దలో కూడా వస్తుంది. “దేవుని పనమ్మా, దీనికి జీతం పైన ఉంటుంది” అనేవారు మామగారు. ఆదివారపు బడి, స్త్రీల సమాజం, ఏలూరు నుంచి ఏ ప్రసంగీకుడు దిగినా వండిపెట్టే చేపల పులుసు, భర్త తెల్లంగీ ఇస్త్రీ, తనంతట లేవలేని అత్తగారి స్నానం, అన్నిటి జీతమూ పైనే.

బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివర వందనాలు చెప్పిన ఆడవాళ్ళలో పెర్సిస్ ఒకతె. ప్రభువు కోసం చాలా ప్రయాసపడిందట. పెళ్ళిచూపుల నాడు మామగారు ఆ సంగతి ఎత్తి, “పేరులోనే ఉంది కదా, మాకింకేం కావాలి?” అని నవ్వారు. పెళ్ళయ్యాక ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు. భర్త ఏసుకుమార్‌కు “ఇదిగో”, అత్తగారు యేసమ్మకు “అమ్మాయ్”, ఊరికి పాస్టరమ్మగారు. చచ్చినవాళ్ళ పేర్లన్నీ ఏటేటా కొత్తగా దిద్దే మనిషి పేరు బతికుండగానే వెలిసిపోయింది.

ఆ సమాధుల తోటకు మూడు పక్కలా చేపల చెరువులు. నాలుగో పక్క, తుమ్మచెట్టు కింద, జానెడెత్తు మట్టిదిబ్బ ఒకటుంది. సిలువ లేదు, సున్నం లేదు. ఏటా అక్కడికి వచ్చేసరికి కుంచెలో రంగు మిగిలే ఉంటుంది. రాయడానికి పేరే ఉండదు.

అది పెర్సిస్ తొలి కాన్పు బిడ్డ. ఇరవై రెండేళ్ళ కిందట కొల్లేరు పొంగి రోడ్డు మునిగిన రోజున నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. మామగారూ భర్తా ఏలూరులో మహాసభలకు వెళ్ళి అక్కడే చిక్కుబడ్డారు. ఇంట్లో అత్తగారు తప్ప ఎవరూ లేరు. ఆవిడే కాన్పు చేసింది. పెర్సిస్‌కు స్పృహ తప్పింది. కానీ తప్పే ముందో తప్పిన తర్వాతో, ఒక ఏడుపు వినపడింది. గట్టిగా కాదు, తలుపు బందు కిర్రుమన్నట్టు, ఒక్కసారి. కళ్ళు తెరిచేసరికి మర్నాడు సాయంత్రమైంది. మగవాళ్ళు దోనె మీద వచ్చేశారు, బిడ్డను పూడ్చేశారు కూడా. “చచ్చి పుట్టిందమ్మాయ్” అంది అత్తగారు గోడకేసి చూస్తూ. ఏడుపు విన్నానంటే, “పురిటి మైకంలో సవాలక్ష వినపడతాయి” అన్నారు మామగారు. “బాప్తిస్మం లేని బిడ్డకి పేరేంటి, సిలువేంటి? వాక్యం చెప్పేవాళ్ళ ఇంట్లో ఇలా కుళ్ళికుళ్ళి ఏడిస్తే సంఘానికి ఏం సాక్ష్యం?” అని కూడా అన్నారు. ఆమె నోరు మూసుకుంది. ఏడుపు మూసుకోలేదు.

ఆ ఏడుపు ఆమెతోనే కాపురం చేసింది. కుక్కరు కూత ఆగిన వెంటనే వచ్చే నిశ్శబ్దంలో, గుళ్ళో పాటకూ ప్రార్థనకూ మధ్య, పట్టపగలు బట్టలు జాడిస్తున్నప్పుడు, ఒక్కసారి వినపడుతుంది. రెండోసారి కోసం ఆమె చేతిలో పని ఆపి చెవులు రిక్కించి నిలబడుతుంది. రెండోసారి రాదు. ఈలోగా పాలు పొంగిపోతాయి. “నీ ధ్యాస ఎక్కడుంటుందో!” అంటాడు భర్త. తర్వాత శాలిని పుట్టింది, ఏలూరులో నర్సింగు చదువుతోంది. పిల్లలెంతమందని ఎవరన్నా అడిగితే, “ఆయ్, ఒక్కతే అమ్మాయండి” అంటుంది పెర్సిస్.

పండగ నాడు ఏసుకుమార్ ఏటా ఒకే ప్రసంగం చెబుతాడు. కాపరి తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళాడు. ఆయనకు మందను కాదు, ఒక్కొక్కదాన్నీ తెలుసు. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలుస్తాడు. ఏడేళ్ళ కింద పోయేవరకూ మామగారు చెప్పిందీ అదే. ఆ తొంభై తొమ్మిదింటికీ ఆ పూట మేత వేసిందెవరో కాపరి భార్యనడిగితే తెలుస్తుందని పెర్సిస్ లోపల్లోపల నవ్వుకునేది. నవ్వు అక్కడితో ఆగిపోయేది. ఎందుకంటే ఆమె ఆ మాటను నమ్మింది. ప్రసంగం చెప్పిన ఇద్దరికన్నా గట్టిగా నమ్మింది. అందుకే భయం. పేరు పెట్టి పిలిచే దేవుడు, పేరే పెట్టనిదాన్ని ఏమని పిలుస్తాడు? అందరి పేర్లూ పిలిచాక ఆ చిన్నది ఒక్కతే వరస చివర నిలబడి, తన పిలుపు కోసం చూస్తూ ఉంటుందా? ఏ బియ్యం కడుగుతున్నప్పుడో ఈ ప్రశ్న వస్తే కడిగిన బియ్యమే మళ్ళీ కడిగేది.

పండగ ముందురోజు పొద్దున అత్తగారికి స్నానం చేయిస్తోంది. యేసమ్మకు మతి తప్పి రెండేళ్ళయింది. కొడుకును గుర్తుపడుతుంది, కోడల్ని మాత్రం “ఎవరమ్మా నువ్వు, మంచిదానివి” అంటుంది. తలకు సబ్బు రాసి చెంబుతో నీళ్ళు పోస్తుండగా పెర్సిస్‌కు మళ్ళీ ఆ ఏడుపు వినపడింది. ఇన్నేళ్ళలో మొదటిసారి నోరు జారింది.

“విన్నారా అత్తయ్యా?”

“ఆఁ. ఏడ్చింది కదే” అంది యేసమ్మ తాపీగా. “ఒక్కసారే ఏడ్చింది, పిచ్చితల్లి.”

పెర్సిస్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ముసలావిడ కోడలి పిడికిలిని ఎడంచేతిలోకి పసిదాని తలలా పొదువుకుంది. కుడిచేత్తో బకెట్లో నీళ్ళు తీసి మూడుసార్లు పోసింది. “సలోమీ, తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర” అంది. ఏ మాటా తడబడలేదు. ఆ తర్వాత గొంతు తగ్గించింది. “ఆయనతో అనకే. ఆడది పోసిన నీళ్ళు వట్టి నీళ్ళేనన్నారు. నోరు మూసుకోమన్నారు.”

మతి లేని మాట అనుకోవడానికి వీల్లేదు. ఆ పేరు పెర్సిస్ జీవితంలో ఒక్కసారే, ఒక్కరితోనే చెప్పింది. ఆరో నెలలో, చేటలో బియ్యం పోసుకుని ఇద్దరూ రాళ్ళేరుతుంటే, “ఆడపిల్లయితే మా సలోమి టీచరుగారి పేరు పెట్టుకుంటానత్తయ్యా, నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే” అంది. “ముందు కననీ” అని కసురుకుంది అత్తగారు. అంటే గుర్తు పెట్టుకుంది. చావుకూ బతుక్కూ మధ్య ఉన్న నాలుగు నిమిషాల్లో, తన తల్లి పేరో అమ్మమ్మ పేరో కాక, కోడలు కోరుకున్న పేరే పెట్టింది. పెట్టి, ఇరవై రెండేళ్ళు దాచింది.

పెర్సిస్‌కు కాళ్ళు పట్టుకోవాలనిపించింది, గొంతు పట్టుకోవాలనీ అనిపించింది. ఏడుపూ కోపమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇన్ని రాత్రులూ నన్ను పిచ్చిదాన్ని చేశావు కదే అని అరవబోయింది. ఈలోగా సబ్బు నురగ కారి ముసలావిడ, “కళ్ళు మండుతున్నాయే అమ్మాయ్” అని చిన్నపిల్లలా ఏడ్చింది. కడగక తప్పుతుందా? కడిగింది. తుడిచింది. జాకెట్టు తొడిగింది.

మధ్యాహ్నం తెల్లంగీ ఇస్త్రీ చేస్తూ భర్తనడిగింది. “ఏవండీ, మన పెద్దపిల్ల బతికే పుట్టిందని మీకు తెలుసా?”

ఏసుకుమార్ ప్రసంగం కాగితాల్లోంచి తలెత్తాడు. “అమ్మ చెప్పిందా?” అన్నాడు.

“మీకు ఎప్పుడు తెలిసింది?”

“ఆ మర్నాడే. ఆ నెల్లోనే పాస్టరుగా నా అభిషేకం ఉంది కదా. పాస్టరుగారి ఇంట్లో ఆడవాళ్ళు బాప్తిస్మాలిచ్చేస్తున్నారని మాటొస్తే అది ఆగిపోద్దన్నారు నాన్నగారు. ఎటూ దక్కని బిడ్డ. నీ మనసు కూడా కష్టపెట్టకూడదని...” చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. “అయినా దేవుడికి తెలుసు కదా. అంతకన్నా ఏం కావాలి?”

“దేవుడికి తెలుసండి” అంది పెర్సిస్, ఇస్త్రీపెట్టె అంగీ మీంచి తీసి నిలబెట్టి. “మామగారికి తెలుసు, అత్తయ్యకి తెలుసు, మీకూ తెలుసు. కన్నదానికే తెలీదు.”

ఆమె రెండో చెయ్యి కూడా ముడత లేకుండా ఇస్త్రీ చేసి, అంగీని హ్యాంగరుకు తగిలించింది. తర్వాత కూర్చుని పండగ జాబితా రాసింది. ఆ ఊరి సంఘంలో ఒక ఆచారం ఉంది. నిద్రించినవాళ్ళ పేర్లు, ఎవరు ఏ ఏడు పోయారో ఆ వరసలో, పాస్టరు చదువుతాడు. ఏ పేరు చదివితే ఆ ఇంటివాళ్ళు కొవ్వొత్తి వెలిగిస్తారు. జాబితా పెర్సిస్ రాస్తుంది. ఏసుకుమార్ ముందుగా ఎన్నడూ చూసుకోడు, ఆమె రాసిందే చదువుతాడు. ఆ వేళ ఆమె కొల్లేరు పొంగిన ఏడు దగ్గర, రెండు పేర్ల నడుమ, ఎప్పటికన్నా గుండ్రంగా మూడక్షరాలు రాసింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా అందరూ చేరారు. యేసమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పెర్సిస్ ఆవిడ చేతికి కొవ్వొత్తి ఇచ్చింది. “సలోమి పేరు పిలిచినప్పుడు వెలిగిద్దాం అత్తయ్యా” అంది. ముసలావిడ బుద్ధిగా తలూపింది.

ప్రసంగం అయింది. తొంభై తొమ్మిదీ, ఒకటీ. పేర్లు మొదలయ్యాయి. ఒక్కో పేరుకూ ఒక్కో సమాధి దగ్గర వెలుగు లేచింది. కొల్లేరు పొంగిన ఏడు వచ్చింది. ఏసుకుమార్ చూపు కాగితం మీద ఆగడం పెర్సిస్ చూసింది. ఆయన తలెత్తి భార్యకేసి చూశాడు. చదువుతాడనుకుంది. నిజంగానే అనుకుంది. ఆయన గొంతు సవరించుకుని, కింది పేరు చదివాడు.

అప్పుడు ఆ ఏడుపు మళ్ళీ వినపడుతుందని పెర్సిస్ చెవులు రిక్కించింది. వినపడలేదు. చెరువుల మీంచి గాలి, కొవ్వొత్తుల చిటపట, అంతే.

యోసేపు పాస్టరుగారి పేరు వచ్చినప్పుడు ప్రసాదరావు చొరవగా అగ్గిపుల్ల గీసి యేసమ్మ కొవ్వొత్తి దగ్గరకు తెచ్చాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. “ఇది ఆయనకి కాదయ్యా” అంది. జనం నవ్వారు. ఆఖరి పేరు అయిపోయి, ప్రార్థన చేద్దామని ఏసుకుమార్ కళ్ళు మూసుకోగానే ఆ గొంతే మళ్ళీ లేచింది.

“ఒరే ఏసూ, నాది వెలగలేదు కదరా. సలోమిని పిలవలేదేంట్రా?”

తోట తోటంతా తలెత్తింది. “అమ్మకి మతి సరిగా లేదు, మనం ప్రార్థన...” అంటున్నాడు ఏసుకుమార్. పెర్సిస్ లేచింది. అత్తగారి చేయి పట్టి లేపి, ఒక్కో అడుగే వేయిస్తూ, సమాధుల మధ్య నుంచి తుమ్మచెట్టు దగ్గరకు నడిపించుకెళ్ళింది. దారిచ్చినవాళ్ళంతా వెనకే వచ్చారు. మట్టిదిబ్బ తల దగ్గర సున్నం వేసిన ఇటుక ఒకటి నిలబెట్టి ఉంది. పొద్దున్నే వచ్చి రాసిన అక్షరాలు అప్పటికి బాగా ఆరిపోయాయి.

ప్రసాదరావు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “సలోమి ఎవరండీ, పాస్టరమ్మగారూ?”

పెర్సిస్ అగ్గిపుల్ల గీసి, ముసలి చేతిలోని కొవ్వొత్తి వెలిగించింది.

“మా పెద్దమ్మాయండి. మా అత్తయ్యగారు బాప్తిస్మం ఇచ్చారు.”