బయటికి పోయినోళ్లే రాస్తరట

అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి తలంటుతుంటే ఫోన్ మోగింది. చేతులనిండా నురగ. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"ఇంటర్వ్యూ ఏమైంది?" నెదర్లాండ్స్ నుంచి నా భర్త అఖిలేశ్.

"రాలే. పొద్దున లిస్టు పెట్టిండ్రు."

"నాకు తెల్సు. పదకొండేండ్లు బాన్సువాడ దాటకపోతె ఎవరిస్తరు? నీకు తెలివి లేదంటలేను వందనా. బయటికి పోయినోళ్లే రాస్తరు. నన్ను జూడు, రెండేండ్లల్ల తొమ్మిది పేపర్లు."

హైదరాబాద్‌లో యూనివర్సిటీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసిన పెద్దాయన కూడా అదే అడిగాడు, ఇంకాస్త మర్యాదగా. "పీహెచ్‌డీలో గోల్డ్ మెడల్. ఆ తర్వాత ఒక్కటే వ్యాసం. ఎక్కడికీ వెళ్లలేదు. ఆసక్తి తగ్గిందా మేడమ్?" పక్కనున్నాయన పిల్లలెంతమందని అడిగాడు. లేరన్నాను. మరి నీకేం అడ్డం అన్నట్టు చూశారు ఇద్దరూ.

అఖిలేశ్, నేను ఒకే ల్యాబులో చదువుకున్నాం. నిజాంసాగర్ కాలువ కింది మళ్లల్లో జింకు ఎందుకు తగ్గిపోతోందన్న ప్రశ్న నాది. పెళ్లయ్యాక ఇక్కడి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్తూనే దాని వెంట పడ్డాను. నాలుగేళ్ల కిందట కోయంబత్తూరులో ఏడాది పరిశోధనకు ఫెలోషిప్ వచ్చింది. ఆ నెలలోనే అత్తమ్మ జారిపడి తుంటి విరిగింది. అప్పుడు అఖిలేశ్ ఉద్యోగం లేక ఇంట్లోనే ఉన్నాడు. "మొగోణ్ని, అవ్వకు స్నానం నేనెట్ల జేపిస్త? ఒక్క ఏడాది ఆగు, మల్ల పోదువు," అన్నాడు. ఆగాను. తర్వాత నెదర్లాండ్స్‌లో అలాంటిదే ఆయనకొచ్చింది. అత్తమ్మను ఎవరు చూస్తారన్న మాట ఈ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఆ తొమ్మిది వ్యాసాల్లోని మట్టి బాన్సువాడ పక్కనున్న కోటగిరి మళ్లది. ఆదివారం ఆదివారం షేర్ ఆటోలో వెళ్లి, చీర ఎగ్గట్టి బురదలో దిగి నేను తీసింది. ఆరబెట్టి, జల్లించి, కాలేజీ ల్యాబులో పరీక్షించి అంకెలు పంపితే ఆయన వ్యాసాలు చేశాడు. రచయితల్లో నా పేరు లేదు. చివర కృతజ్ఞతల్లో ఉంది, ఇంటి బాధ్యత మోసినందుకు. మట్టి మోసినందుకు కాదు.

"ఇంకో ఏడాది పొడిగిస్తుండ్రు నాకు," అంటున్నాడు. "వానకాలం మట్టి గావాలె. ఈ ఆదివారం పోతవా?"

కళ్లు మూసుకుని ఉన్న అత్తమ్మ నోరు విప్పింది. "ఏందిరా, ఇంకో ఏడాదా? తుంటి ఇరిగింది నాకు. కూసోబెట్టింది గీ పిల్లను. మీ చిన్నమ్మ ముత్తవ్వ డోంగ్లి నుంచి వచ్చి ఉంటనంటె, నువ్వే గద వద్దంటివి?"

నా చేతులు ఆగిపోయాయి.

"ఎప్పుడత్తమ్మా?"

"అప్పుడే బిడ్డా, నీకు గా కాగితం వచ్చినప్పుడు. నీకే ఇష్టం లేదని జెప్పిండు వీడు, పరాయోళ్ల చేతుల పెట్టనని నువ్వే అన్నవట."

ఫోన్ వైపు వంగాను.

"అఖిలేశ్, నాకెందుకు జెప్పలే?"

"నాకప్పుడు నౌకరి లేకుండె వందనా. నువ్వు పోయి, నేను ఇంట్ల ఖాళీగ కూసుంటె ఊర్ల ఏమనుకుంటరు?" గొంతు సర్దుకున్నాడు. "ఇగ గవన్ని ఇప్పుడెందుకు? ఆదివారం పోతవా, లేదా?"

కోయంబత్తూరు నుంచి మళ్లీ పిలుపు వచ్చి మూడు రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. వద్దని రాయడానికి మర్యాదైన మాటలు వెతుక్కుంటున్నాను, అంతే.

"పోత," అన్నాను. "కోయంబత్తూరుకు. ఏడాదికి. ముత్తవ్వ చిన్నత్తమ్మను నేనే అడుగుత. రాకుంటె నువ్వు రా."

అటునుంచి ప్రశ్న వచ్చింది. వాళ్లమ్మ గురించి కాదు.

"మరి నా మట్టి ఎవరు తీస్తరు?"

ఫోన్ పెట్టేశాను. అత్తమ్మ తల కడిగి, తుడిచి, మంచం మీద కూచోబెట్టి, తడి చేతులతోనే కోయంబత్తూరుకు జవాబు రాశాను. వస్తున్నానని, కోటగిరి మట్టి నాలుగు సంచులు వెంట తెస్తున్నానని.