జడ వేసినదాన్ని అడగండి

"పిల్ల తల లోపల రగులుతుంటే ఆగి చూద్దామన్నది మీరు. అడగాల్సిన మనిషి పక్కనే నిలబడి ఉంటే అటు తిరిగైనా చూడనిది మీరు."

డాక్టరుకీ మొగుడికీ కలిపి విసరాల్సిన ఈ మాటలు మూడు రోజులుగా ఆ తల్లి గొంతులోనే తిరుగుతున్నాయి. పిల్లల వార్డులో మంచం అంచున కూర్చుని కూతురికి జడ వేస్తోంది. ఏడేళ్ల పిల్ల. ఎడమ చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది.

పోయిన వానాకాలం దాకా ఆ పిల్ల పొద్దున్నే తల్లి మోకాళ్ల మధ్య చేరి, రెండు రిబ్బన్లూ రెండు చేతుల్లో పట్టుకుని, "గట్టిగా లాగకే అమ్మా, మెదడు ఊడొస్తుంది" అని నవ్వించేది. పక్కింటి కుక్క మొదలు టీచరమ్మ కళ్లజోడు దాకా కబుర్లన్నీ జడ పూర్తయ్యేలోగా చెప్పేసేది. రోజు మొత్తంలో ఆవిడకి సొంతమైనది ఆ పావుగంటే. తర్వాతంతా క్యారియర్లు, బట్టలు, అంట్లు. ఒక రోజు ఎడమ చేతిలోంచి రిబ్బను జారింది. మర్నాడూ జారింది. ఆనక కబురు మధ్యలో మాటలు మర్చిపోవడం మొదలైంది. చెబితే మొగుడు, "పనేం లేక పిల్ల మీద భూతద్దం పెట్టుక్కూర్చుంటావు" అన్నాడు. అత్తగారు, "బడి ఎగ్గొట్టే వేషాలమ్మా, చిన్నప్పుడు మీ ఆయనా ఇంతే" అని మురిసిపోయింది.

ఫిట్స్ వచ్చాకగానీ ఆస్పత్రికి రాలేదు. "ఎప్పట్నుంచి?" అని డాక్టరు తండ్రినే అడిగాడు. పిల్ల లేవకముందే వెళ్లి, పడుకున్నాక వచ్చే మనిషి తడుముకోకుండా, "రెండు వారాలండీ" అన్నాడు. ఆవిడ నోరు తెరవబోతే "నువ్వుండు" అన్నాడు. కాగితం మీద రెండు వారాలే పడింది. ఆ లెక్కన ఇది ఏదో జ్వరం తర్వాత మెదడుకి వచ్చే వాపు, దానంతటదే తగ్గుతుంది, ఆగి చూద్దాం అన్నాడు డాక్టరు.

ఇవాళ డాక్టరు రాగానే ఆవిడ లేచింది.

"రెండు వారాలు కాదండీ, నాలుగు నెలలు."

"మీవారు చెప్పారు కదమ్మా."

"పిల్ల ఏ చేత్తో బొమ్మలేస్తుందో ఆయన్ని అడగండి."

మొగుడు కిటికీ వైపు తిరిగాడు. ఆవిడ రిబ్బను జారిన రోజు దగ్గర్నుంచి, మెట్ల మీద కాలు ఈడ్చిన రోజు దాకా వరసపెట్టి చెప్పింది. డాక్టరు స్కాను మళ్లీ వెలుతురులో పెట్టాడు.

"నాలుగు నెలలుగా ముదురుతోందంటే, మెదడులో రక్తనాళాలే వాచి ఉండొచ్చు. మరీ సన్నవైతే ఫొటోల్లో దొరకవు. చిన్న ముక్క తీసి చూడాలి. అదేనని తేలితే మందుంది."

"తల తెరుస్తారా? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి..." అని మొగుడు నసిగాడు.

ఆవిడ చెయ్యి చాపింది.

"సంతకం నేను పెడతాను, కాగితం ఇవ్వండి. మీరు రాసుకున్న ఆ రెండు వారాలు కొట్టేసి పిల్లని ఈ పూటే ఆపరేషన్‌కి తీసుకెళ్లండి. పక్క మంచం పిల్లాడి సంగతి కూడా వాళ్ల నాన్నే చెప్పాడు డాక్టరుగారూ. వాళ్లమ్మ ఆస్పత్రి వెనకాల బట్టలు ఉతుకుతోంది. పిలిచి అడగండి, ఇప్పుడే."