గోవిందయ్య తుపాకీ ఏ రకం?

పాత ఇంగ్లీషు జోడుగొట్టాల తుపాకీ ఉన్న ప్రతివాడికీ తన ఇంట్లో ఉన్నది దొరల మేలురకమనే నమ్మకం. విప్పి చూసి రకం తేల్చడం చిత్తూరులో నా పని. చాలామంది మొహాలు నా మాటకు మాడిపోయాయి.

ఐరాల దగ్గర గోవిందయ్య ఇంటికి ఆ పనిమీదే వెళ్లాను. చెరుకుతోటలో పందుల కోసం ఉంచుకున్న తుపాకీ పేలి ఆయన పోయి ఏడాదైంది. ప్రమాదమని కేసు మూసేశాక లైసెన్సు కొడుకు ధనంజయ పేరుకు మారింది. ఇప్పుడు అమ్మేస్తానంటాడు.

తుపాకీ నడింట్లో పీట మీద ఉంది. గొట్టాలకు గంధం, కుంకుమ. రెండు నోళ్లకూ పసుపుగుడ్డ బిగించి కట్టారు. చూడగానే ఒళ్లు జలదరించింది.

"దాని నోరు తెరవద్దప్పా," అంది ఆయన భార్య సుబ్బులమ్మ. "పొద్దుగూకితే ఊపిరి తీస్తాది. నేను రోజూ వింటా ఉండా. ఎవురూ ముట్టుకోకనే ఆయప్పను తినేసింది."

"ఆ పొద్దు ఇంట్లో నేనూ నాయనే ఉండినాము," అన్నాడు ధనంజయ. "నాయన ఆ మూల అన్నం తింటా ఉండినాడు. ఈ గోడకు ఆనించిండేది జారిపడి పేలింది. నువ్వు రకం సూడన్నా. మేలురకమైతే మంచి ధర వస్తాది."

గుడ్డ విప్పాను. చెక్కడాలకు నేను మోసపోను. కానీ స్క్రూల తలల మీది గాడులన్నీ ఒకే వరసలో ఉన్నాయి, మంచి పనితనానికి అదే గుర్తు. గొట్టాలు మూస్తే చప్పుడే లేదు. పక్కపలక విప్పాను. లోపల తూటాను కొట్టి పేల్చే సుత్తి, దాన్ని పట్టే కొక్కెం, దానికి తోడు ఇంకో కొక్కెం. కొక్కేలు రెండూ చెక్కుచెదరలేదు. ఆనందంతో నా కళ్లు చెమర్చాయి.

"అసలైన మేలురకం!" అని అరిచాను. "ఈ రెండో కొక్కెం నాసి తుపాకుల్లో ఉండదు. దెబ్బ తగిలి మొదటిది జారినా ఇది సుత్తిని ఆపేస్తాది."

పలక బిగించి, ఖాళీ తుపాకీని ఎక్కుపెట్టి, నేలకేసి గట్టిగా కొట్టి చూపించాను. సుత్తి పడలేదు. ధనంజయ మొహం వెలిగిపోయింది.

సుబ్బులమ్మ దగ్గరికొచ్చింది. "అంటే, కిందపడితే పేలదా అప్పా?"

నా నోరు ఊరుకుంటే ఎంత బాగుండేది! "పేలదమ్మా. ఎవురో ఒకరు ట్రిగ్గరు నొక్కాల్సిందే."

ఏడాదిగా మొక్కి బుజ్జగించిన ఆ ఇనుము వైపు ఆమె మళ్లీ చూడలేదు. కొడుకునే చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేసింది. నాకూ భయమేసింది. తుపాకీని చూసి కాదు.

ధనంజయ నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు చల్లగా ఉన్నాయి.

"అన్నా," అన్నాడు మెల్లగా, "ఇది నాసిరకమని చెప్పన్నా, అమ్మకు."